వెనక నిలబడ్డ నాంచారమ్మ

నేను రిటైరై ఏడాది దాటింది. మా వీధిలో నా ఉద్యోగం ఏమిటో ఇప్పటికీ ఎవరికీ సరిగ్గా తెలియదు. ఎదురింటాయన నేను కంప్యూటర్లు బాగుచేసేవాణ్ణనుకుంటాడు. మొన్న కూడా ప్రింటర్ చంకన పెట్టుకొచ్చాడు. "గేములండీ, కంప్యూటర్ గేములు తయారుచేసేవాళ్ళం" అంటే, పాపం ఈ వయసులో ఇదేం ఖర్మ అన్నట్టు చూస్తాడు. ఆయన్ని నమ్మించడం మానేశాను. ప్రింటర్ మాత్రం బాగుచేసిచ్చాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు ఇప్పుడు ఫోన్లు చేస్తున్నారు. ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి, ఏ కోర్సు చెయ్యాలి అని అడుగుతారు. నన్నడిగి లాభం లేదు నాయనా, నేను నేర్చుకున్న సాఫ్ట్‌వేర్లన్నీ ఎప్పుడో పోయాయి. నేను చేసినవి కథ నడిచే పెద్ద ఆటలు. ఆడేవాడు తనే ఒక పాత్రై, ఊళ్ళు తిరిగి, కనబడ్డవాళ్ళతో మాట్లాడి, ఎవర్ని నమ్మాలో తేల్చుకునే ఆటలు. వాటిలో కెమెరా, అంటే తెర మీద ఆట ఎక్కణ్ణించి చూసినట్టు కనబడాలో ఆ చూపు, ఎక్కడ పెట్టాలి, మనుషులు ఎందుకు గుర్తుండిపోతారు, ఇంతవరకే నేను చెప్పగలను. ఇవి రెండూ వేరువేరు సంగతులనుకునే నేనూ ఉద్యోగంలో చేరాను.

ఇంకొకటి కూడా ముందే చెప్పేస్తాను. ఈ పనిలో నేను భయపడని రోజు లేదు. సినిమావాళ్ళకి ఈ బాధ లేదు, వాళ్ళు ఏది చూపిస్తే జనం అదే చూస్తారు. మన ఆటలో కెమెరా తిప్పే చెయ్యి ఆడేవాడిది. మనం నెలల తరబడి కూర్చుని ఒక ముసలాయన ఏడ్చే సీను తయారుచేసి పెడితే, ఆడేవాడు సరిగ్గా ఆ సమయానికి గోడ మీద బల్లిని చూస్తుంటాడు. పక్కన కూర్చున్న మనకి ప్రాణం విలవిల్లాడిపోతుంది. "అటు చూడవయ్యా!" అని అరవడానికి లేదు. ధైర్యవంతులకి లోకంలో చాలా ఉద్యోగాలున్నాయి, మనలాంటి పిరికివాళ్ళకే ఇది సరిపోతుంది.

చింతపిక్కంత మనిషి

మొదట నేను తాడేపల్లిగూడెంలో డ్రాయింగ్ మాస్టారిని. రైలు పట్టాలు దూరంగా పోయి కలిసిపోయే బొమ్మ పిల్లలచేత వేయించేవాణ్ణి. అక్కణ్ణించి హైదరాబాదులో ఒక చిన్న గేముల కంపెనీలో పడ్డాను. బడి వదిలినా మాస్టారూ అన్న పిలుపు మాత్రం నన్ను వదల్లేదు.

అప్పట్లో కెమెరా ఒకే చోట ఉండేది. మేడ మీద పిట్టగోడ దగ్గర నిలబడి వీధిలోకి ఏటవాలుగా చూసినట్టన్నమాట. ఊరంతా కనిపిస్తుంది, మనుషులు మాత్రం చింతపిక్కంత ఉంటారు. మొహమే కనపడని మనిషిని ఎవరు గుర్తుపెట్టుకుంటారని నాకు ఒకటే బెంగ. ఒక కొట్టువాడి పాత్ర అప్పగిస్తే, వాడి తాతముత్తాతల దగ్గర్నించి మొదలుపెట్టి పేజీలకు పేజీలు రాసి తీసుకెళ్ళాను. మా మొదటి బాస్ మహా కోపిష్టి. చదవకుండానే బల్ల మీద పడేసి, "ఇదంతా కాదుగానీ, వాడు రోజూ చేసే పిచ్చిపని ఒక్కటి చెప్పవయ్యా" అన్నాడు.

నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలో నోటికొచ్చింది అనేశాను: "మనం దగ్గరకొస్తే వాడు కొట్టు తలుపు సగానికి దించేస్తాడండీ."

"ఎందుకు?"

"తెలీదండీ."

"పెట్టు. అదే పెట్టు" అన్నాడు.

అలాగే పెట్టాం. వాడు సరుకు అమ్ముతాడు, కబుర్లు చెప్తాడు, అన్నీ సగం దించిన తలుపు కింద వంగి చేస్తాడు. ఆట బయటికొచ్చాక మేం కిరీటం పెట్టి, యుద్ధం చేయించి, పాటలు పాడించిన రాజు పేరు ఒక్కరికీ గుర్తులేదు. ఆ కొట్టువాడు ఎవరికి భయపడుతున్నాడో చెప్పమని మాత్రం ఎక్కడెక్కణ్ణించో అడిగారు. మాకే తెలియదని ఎలా చెప్తాం! కథలో ఏదో రహస్యం ఉందని నమ్మి కొందరు ఆ కొట్టు చుట్టూ గంటలకొద్దీ తిరిగారట. అందుకని పాత్రకి జాతకం రాస్తూ కూర్చోకండి. మీ కెమెరా ఎంత దూరంలో ఉందో చూసుకుని, అంత దూరం నుంచి కూడా తెలిసే అలవాటు ఒకటి ఇవ్వండి.

కెమెరా మేడ దిగింది

కంప్యూటర్లు బలపడ్డాక కెమెరా మేడ దిగి వీధిలోకొచ్చింది. మన పాత్ర భుజం వెనక కాస్త ఎడంగా, వెంటబడి నడుస్తుంది. హమ్మయ్య, ఇక మొహాలు చూడొచ్చని సంబరపడ్డాం. తల ప్రాణం తోకకొచ్చింది. ఇరుకు సందులోకి వెళితే కెమెరా గోడలో దూరుతుంది. ఎవరైనా మరీ దగ్గరగా నిలబడితే వాళ్ళ తలలోనే దూరుతుంది. కంప్యూటర్ బొమ్మ తల లోపల అంతా డొల్ల. లోపల్నించి చూస్తే రెండు కళ్ళగుడ్లూ ఒక పళ్ళ వరసా గాలిలో వేలాడుతుంటాయి. మొదటిసారి చూసినప్పుడు నేను జడుసుకుని కుర్చీలోంచి లేచిపోయాను.

ఇంకో పద్ధతిలో కెమెరాని ఏకంగా ఆడేవాడి కళ్ళల్లోనే పెట్టేస్తారు. అప్పుడు మన పాత్ర చేతులు తప్ప మనకేమీ కనిపించదు. కొందరికి కళ్ళు తిరుగుతాయి. కానీ ఎదుటివాడు మాట్లాడితే నిజంగా మనతోనే మాట్లాడినట్టుంటుంది. ఈ పద్ధతుల్లో ఏది గొప్పదని కుర్రాళ్ళు తన్నుకు చస్తుంటారు. నాకు ఆ గొడవ అక్కర్లేదు. ఈ సీనులో ఆడేవాడికి ఎవరు ముఖ్యం, ఆ ముఖ్యమైన మనిషి ఎక్కడ నిలబడ్డాడు, అది చెప్పండి చాలు అంటాను. చూడ్డానికి చిన్న ప్రశ్నే. దానికి జవాబు దొరక్క ఒకసారి నేను నానా తిప్పలూ పడ్డాను.

తాటిదోనె

నా చివరి ఉద్యోగం ఏలూరులో, బట్టల కొట్టు పైన రెండు గదుల ఆఫీసులో. మా బాస్ రవీంద్ర గారు నాకన్నా చాలా చిన్నవాడు. మంచి మనిషే, కానీ భయంలో నాకు అన్న. నేను లోపల లోపల భయపడితే ఆయన గోళ్ళు కొరుక్కుంటూ పైకే భయపడేవాడు.

మా ఆట కొల్లేరులాంటి నీటి దేశంలో జరుగుతుంది. తప్పిపోయిన అన్నని వెతుక్కుంటూ లంక నుంచి లంకకి తిరిగే కుర్రాడి కథ. రాసేది లక్ష్మీప్రసన్న అనే కలిదిండి అమ్మాయి. బ్యాంకు పరీక్షల కోచింగ్ మధ్యలో వదిలేసి మా దగ్గర చేరింది. ఇంట్లోవాళ్ళు ఏడాది గడువిచ్చారు. ఈలోగా ఉద్యోగం ఖాయమైతే సరే, లేకపోతే నోరు మూసుకుని మళ్ళీ కోచింగ్‌లో కూర్చోవాలి. ఆ గడువు దగ్గరపడుతోంది, రవీంద్ర గారు ఇంకా ఏ సంగతీ తేల్చలేదు.

ప్రసన్న మా ఆటకిచ్చిన మనిషి నాంచారమ్మ. కుర్రాణ్ణి దోనె మీద లంకలకి చేరవేసే ముసలామె. తాటిదోనె చూడనివాళ్ళ కోసం చెప్తున్నాను: తాటిమొద్దులు తొలిచి చేసిన సన్నటి పడవ అది. ఎక్కినవాళ్ళు ముందు కూర్చుని ముందుకే చూస్తారు. నడిపే మనిషి వెనక నిలబడి పొడుగాటి వెదురు గడతో నీళ్ళ అడుగుని తోస్తుంది. ప్రసన్న వాళ్ళ అమ్మమ్మగారు ఒకప్పుడు అలాగే నడిపేవారట.

ఇప్పుడు చూడండి నా అవస్థ. భుజం వెనక నడిచే నా కెమెరా దోనెలో ఎక్కడుంటుంది? సరిగ్గా నాంచారమ్మ ఉన్నచోట. పైగా నీళ్ళు బాగా కనబడాలని నేను దాన్ని కాస్త పైకి లేపి పెట్టాను, అది ఆమె తల ఎత్తుకి వచ్చింది. మొదటిసారి ఆ సీను వేస్తే అందరం చుట్టూ మూగాం. తెర నల్లబడింది. తరవాత రెండు కళ్ళగుడ్లు, ఒక పళ్ళ వరస, వాటి సందులోంచి కొల్లేరు! ఆఫీసంతా పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను. ప్రసన్న మాత్రం నవ్వలేదు.

"ఆవిణ్ణి ముందు కూర్చోబెట్టేయండి మాస్టారూ, మొహం మనవైపు తిప్పి. చేతికో తెడ్డు ఇచ్చేద్దాం" అన్నారు రవీంద్ర గారు.

"అలా దోనె నడవదండీ" అంది ప్రసన్న.

"ఆడేవాడికి ఏం తెలుస్తుందమ్మా?"

"మా వైపు వాళ్ళకి తెలుస్తుందండీ. మా అమ్మమ్మకి తెలుస్తుంది."

"మీ అమ్మమ్మగారు గేములు ఆడతారేంటి?"

"ఆడరండీ. చూపిస్తానని చెప్పాను."

బాస్ మాట కాదనలేక అలాగే కూర్చోబెట్టి చూశాం. పార్కులో బోటు షికారులా తయారైంది. ఆమె వెళ్ళే దారికి వీపు పెట్టి మనవైపు చూసి నవ్వుతోంది. నీళ్ళల్లో మనిషెత్తు పెరిగే కిక్కిసగడ్డి మధ్యలో ఆ మనిషిని నమ్మి ఎవరు ఎక్కుతారు! పోనీ కెమెరాని మళ్ళీ మేడ ఎక్కించాను. పైనుంచి చూస్తే దోనె పుల్లముక్క, నాంచారమ్మ దాని చివర ఒక తాటాకు టోపీ. ఏం చేసినా కుదరలేదు.

మా ఆటకి దన్నుగా ఉన్న కంపెనీ మనిషి బెంగుళూరు నుంచి త్వరలోనే వస్తున్నాడు. ఆట చూసి, ఉంచాల్సినవీ తీసేయాల్సినవీ అతనే చెప్తాడు. రవీంద్ర గారు నన్ను మెట్ల దగ్గరికి పిలిచారు.

"ఆయన వచ్చేలోగా కుదిరితే సరేనండీ. లేకపోతే ముసలామెని తీసేసి వంతెన వేసేద్దాం. కుర్రాడు నడిచిపోతాడు."

"మరి ప్రసన్నో?"

ఆయన నా మొహంకేసి చూడలేదు. "నాంచారమ్మ పోతే ఆ అమ్మాయి రాసింది ఇంకేం ఉంటుందండీ మన ఆటలో? ఏం చూపించి ఖాయం చెయ్యమంటారు?"

రాసిన పిల్ల తప్పేమీ లేదు. నా కెమెరాకి నిలబడే చోటు దొరక్క ఆ పిల్ల ఉద్యోగం ఊడేలా ఉంది. అన్నం సహించలేదు.

స్కూటర్ మీద దొరికింది

మా ఆవిడ సుభద్ర అక్కగారిది తాడేపల్లిగూడెం. ఆ ఆదివారం స్కూటర్ మీద బయల్దేరాం. సుభద్ర వెనక కూర్చుందంటే గూడెం వచ్చేదాకా నోటికి విశ్రాంతి ఉండదు. "ఏవండీ, ఆ లారీ వెనక పోకండీ. ఎడం పక్క గేదె చూశారా, రోడ్డెక్కేలా ఉంది. అదిగో, గొయ్యి, గొయ్యి!" అద్దంలో చూస్తే ఆవిడ మోచెయ్యి తప్ప ఏమీ కనపడదు. అయినా ఎక్కడ మూతి ముడిచిందో, ఎక్కడ కళ్ళు పెద్దవి చేసిందో నాకు తెలిసిపోతూనే ఉంటుంది.

భీమడోలు దాటాక మాట ఆగిపోయింది.

కాసేపు చూశాను. గాలి చప్పుడు తప్ప ఏమీ లేదు. నా పైప్రాణాలు పైనే పోయాయి. మనిషి పడిపోయిందా, కళ్ళు తిరిగాయా? కాలవగట్టు పక్కకి తీసి బ్రేకు తొక్కి వెనక్కి తిరిగాను. సుభద్ర బుగ్గ ఉబ్బించుకుని జామకాయ నములుతోంది.

"ఏమైందండీ?"

"నువ్వు మాట్లాడటం లేదు."

"తింటున్నాను కదండీ! ముందు చూసి నడపండి. నేనెక్కడికి పోతాను?"

నేను ఆ గట్టు మీద నిలబడి పిచ్చివాడిలా నవ్వాను. నాంచారమ్మ మొహం చూపించాలని ఇన్నాళ్ళూ కొట్టుకుచచ్చాను. ఆమె మొహం ఎవడిక్కావాలి? ఆమె వెనక ఉందన్న ధీమా కావాలి. ఆ ధీమా పోతే ఒళ్ళు ఝల్లుమనాలి.

సోమవారం పొద్దున్నే ప్రసన్నకి చెప్పాను. దోనె ఎక్కినంతసేపూ కెమెరాని కుర్రాడి కళ్ళల్లోకి మార్చేశాం. నాంచారమ్మ వెనకే నిలబడింది, ఆమె గొంతు చెవుల వెనకనుంచి వచ్చేలా చేశాం. ప్రసన్న మాటలన్నీ మళ్ళీ రాసింది. మొదట రాసినప్పుడు నాంచారమ్మ తన కథంతా చెప్పుకునేది. ఇప్పుడు తనకి కనిపించింది చెప్తుంది. "ఎడం పక్క కిక్కిస కదిలింది చూడు బాబూ. గాలికి కాదది." ఆ మాట విన్నవాడెవడూ ఎడం పక్కకి తిరగకుండా ఉండలేడు. ఇక కెమెరా నేను తిప్పేదేముంది, ఆవిడే తిప్పుకుంటోంది.

మధ్యలో ఎవరైనా వెనక్కి తిరిగితే నాంచారమ్మ కనిపిస్తుంది, కనిపించి కసురుతుంది. ఏమని కసరాలి అని ప్రసన్న అడిగితే సుభద్ర మాటే ఇచ్చాను: "ముందు చూడు బాబూ. నేనెక్కడికి పోతాను?"

ఆఖరి ప్రయాణంలో కుర్రాణ్ణి పట్టుకోవడానికి మనుషులు పడవల మీద తరుముకొస్తారు. దోనె కిక్కిసలో దూరుతుంది. అక్కడ నాంచారమ్మ గొంతు ఆగిపోతుంది. అప్పుడు వెనక్కి తిరిగితే దోనె చివర ఎవరూ ఉండరు. దూరంగా ఆమె గడ ఒక్కటే బురదలో నిలబడి ఉంటుంది. వాళ్ళని తనవైపు లాక్కుపోవడానికి చప్పుడు చెయ్యకుండా దిగిపోయింది. ఆ సంగతి ఆటలో ఎవరూ చెప్పరు.

అతను తిరగలేదు

ఎవడూ తిరగకపోతే? అదీ నా భయం. తిరగకపోతే దోనె మెల్లగా ఒడ్డుకి కొట్టుకుపోతుంది, సీను ఉత్తిపుణ్యానికి పోతుంది. మా కుర్రాళ్ళచేత ఆడిస్తే కొందరు తిరిగారు, కొందరు తిరగలేదు. రవీంద్ర గారు మళ్ళీ గోళ్ళు కొరకడం మొదలుపెట్టారు. "కెమెరాని మనమే తిప్పే మీట ఒకటి పెట్టండి మాస్టారూ. ఆయన తిరగకపోతే మీరు నొక్కెయ్యండి" అన్నారు. ఆడేవాడి మెడ పట్టుకు తిప్పడం నాకు బొత్తిగా గిట్టదు. కానీ ప్రసన్న సంగతి తలుచుకుని పెట్టాను.

బెంగుళూరు మనిషి పొద్దున పదకొండింటికి వచ్చాడు. విజయనగరం వైపు వాడు, తెలుగు తెలిసినవాడే. మొహంలో ఏ భావమూ లేదు. హెడ్‌ఫోన్లు పెట్టుకుని ఆడటం మొదలుపెట్టాడు. ఆ మాటలు మాకూ వినబడేలా ఒక స్పీకరు పెట్టుకున్నాం. అతని పక్కన నేను, నా ముందు వేరే కీబోర్డు, దాని మీద ఆ మీట. రవీంద్ర గారు నా పక్కన. ప్రసన్న కుర్చీ దొరక్క అతని వెనక నిలబడింది.

మొదటి ప్రయాణంలో అతను ఒకసారి వెనక్కి తిరిగాడు, నాంచారమ్మ కసిరింది. కొంచెం నవ్వాడు. రెండోసారి నీళ్ళ మీద తేలే గూడబాతుల్ని చూస్తూ కూర్చున్నాడు. మధ్యలో ఫోను మోగితే ఆట ఆపి మాట్లాడాడు. నాకు ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. ఆఖరి ప్రయాణం మొదలైంది. పడవలు తరుముకొచ్చాయి. "తల వంచు బాబూ, తల వంచు" అంది నాంచారమ్మ. దోనె కిక్కిసలో దూరింది. గొంతు ఆగింది.

అతను తిరగలేదు. ముందుకే చూస్తున్నాడు. దోనె కొట్టుకుపోతోంది, నీళ్ళ చప్పుడు తప్ప ఏమీ లేదు. ఒడ్డు దగ్గరపడుతోంది. బల్ల కింద రవీంద్ర గారి కాలు నా కాలిని తన్నింది. వేలు మీట మీద పెట్టాను. నొక్కేద్దామని ఓసారి వెనక్కి చూస్తే ప్రసన్న కనిపించింది. నావైపే చూస్తోంది, మొహం తెల్లగా పాలిపోయింది. వద్దన్నట్టు తల అడ్డంగా ఊపింది. ఊడేది తన ఉద్యోగం, వద్దనేదీ తనే! నేను వేలు తీసేశాను. తీసేసి కళ్ళు మూసుకున్నాను.

కుర్చీ కిర్రుమంది. కళ్ళు తెరిచి చూస్తే అతను మౌసు ముట్టుకోలేదు. కుర్చీలో తనే వెనక్కి తిరిగిపోయి ఉన్నాడు. ఆ వెనక నిలబడ్డ ప్రసన్నకేసి తెల్లబోయి చూస్తున్నాడు. తెరలో తిప్పాల్సిన తల గదిలో తిప్పానని అర్థం కావడానికి అతనికి కాస్త సమయం పట్టింది. అప్పుడు గబగబా తెరవైపు తిరిగి కెమెరా తిప్పాడు. ఖాళీ దోనె. దూరంగా గడ.

హెడ్‌ఫోన్లు తీసేశాడు. "ఎక్కడ దిగిపోయింది?" అన్నాడు. "నేనెక్కడికి పోతానంది కదండీ!" అన్నాడు, ఎవరో మోసం చేసినట్టు.

"అందండీ" అంది ప్రసన్న.

"మళ్ళీ మొదట్నించి పెట్టండి" అన్నాడతను.

రవీంద్ర గారు అప్పుడు ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. ప్రసన్న ఉద్యోగం ఆ సాయంత్రమే ఖాయమైంది. ఇప్పుడు అక్కడ కథలన్నీ ఆ అమ్మాయే చూస్తోంది. తన చేతికింద రాసే పిల్లల్ని చదివి వినిపించనివ్వదట, "మీ పాత్ర రోజూ చేసే పిచ్చిపని ఒక్కటి చెప్పండి" అంటుందట.

ముందు చూడండీ

నా బుర్రలో ఉన్నదంతా చెప్పేశాను. భయం తగ్గే మార్గమేదైనా ఉందా అని అడక్కండి, నాకు తెలియదు. రిటైరైనా అది నాతోనే ఉంది.

మొన్న ఆదివారం మళ్ళీ గూడెం వెళుతున్నాం. సుభద్ర వెనక కూర్చుని లారీలూ గేదెలూ గోతులూ అన్నీ చెబుతోంది. ఉంగుటూరు దాటాక మాట ఆగింది. జామకాయే అయ్యుంటుందని నాకు నేను చెప్పుకున్నాను. కాలవ వెంట కాస్త దూరం పోనిచ్చాను. ఇక ఉండబట్టలేక స్కూటర్ నెమ్మది చేసి తిరిగి చూశాను.

"ఏంటండీ మీ చాదస్తం! ముందు చూడండీ. నేనెక్కడికి పోతాను?" అంది.

ఆ మాట మామూలుగా వింటే ధైర్యం రావాలి. నేను దాన్ని తీసుకెళ్ళి ఆటలో పెట్టినవాణ్ణి. ఓ నిమిషం ముందుకి చూసి నడిపి, మళ్ళీ వెనక్కి తిరిగి చూశాను.